హైవే 7 గురించి రాయాలంటే: నంబరు ఒకటే, యజమానులు వేరు

కెనడాలోని అంటారియో ప్రావిన్స్‌లో ఉన్న హైవే 7 మీద తెలుగులో సమగ్రమైన వ్యాసం రాయాలనుకుంటున్నానని, అయితే ప్రావిన్స్ పటంలో టొరంటో శివారు మార్కమ్ దగ్గర మాయమయ్యే రోడ్డు వీధి బోర్డుల మీద మాత్రం హైవే 7గానే కొనసాగుతోందని, పొడవు ఒక్కోచోట ఒక్కో విధంగా కనిపిస్తోందని, కూడళ్లలో వేటిని చేర్చాలో, అభివృద్ధి పనులను ఏ క్రమంలో చెప్పాలో తోచడం లేదని మీరు అడిగారు. ఆంధ్రదేశంలో కొన్నేళ్లు రోడ్ల సర్వే పని చేసి, ఇక్కడికి వచ్చాక పద్దెనిమిదేళ్లుగా టొరంటో శివార్ల రోడ్ల చరిత్రను సొంత ఆసక్తితో నమోదు చేసుకుంటున్నవాడిగా నాకు తెలిసినంతవరకు వివరిస్తాను.

మీకు ఎదురైన ఇబ్బందులన్నీ ఒకే మూలం నుంచి పుట్టాయి. హైవే నంబరు వేరు, ఆ నంబరు కింద మనం నడిచే తారురోడ్డు వేరు. నంబరు చట్టపరమైన హోదా. దానిని ప్రభుత్వం ఇవ్వగలదు, తీసివేయగలదు, పక్కరోడ్డుకు మార్చగలదు. రోడ్డు మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. పల్లెల మధ్య ఈ రెండూ దశాబ్దాల తరబడి కలిసే ఉంటాయి కనుక తేడా ఎవరికీ తెలియదు. శివార్లు పెరిగినచోట అవి విడిపోతాయి. కాబట్టి మీరు రాయబోయేది నంబరు చరిత్రా, రోడ్డు చరిత్రా అన్నది మొదట తేల్చుకోవాలి. రెండూ రాయవచ్చు, కానీ ఏ వాక్యంలో దేని గురించి చెబుతున్నారో పాఠకుడికి తెలియాలి.

ఇది మనకు కొత్త అనుభవమేమీ కాదు. 2010లో జాతీయ రహదారుల నంబర్లు మార్చినప్పుడు హైదరాబాద్–విజయవాడ రోడ్డు 9 నుంచి 65 అయింది, కోస్తా వెంట పోయే 5వ నంబరు 16 అయింది, హైదరాబాద్ మీదుగా కన్యాకుమారికి పోయే పాత 7వ నంబరు 44లో కలిసింది. అయినా పాత నంబర్లతోనే దారి చెప్పే పెద్దవాళ్లు మన ఊళ్లలో ఇప్పటికీ కనిపిస్తారు. అక్కడ మారింది నంబరు మాత్రమే, రహదారి జాతీయ రహదారిగానే మిగిలింది. అంటారియోలో జరిగింది దీనికి తలకిందులు: జనం నోట నంబరు అలాగే ఉండిపోయింది, రోడ్డు యజమాని మారాడు.

కథ క్లుప్తంగా ఇది. హైవే 7 మొదట 1920లో సార్నియా నుంచి గ్వెల్ఫ్ వరకు ప్రావిన్షియల్ హైవేగా ఏర్పడింది. అంటారియో తన హైవేలకు నంబర్లు ఇచ్చింది 1925లో. 1930లో ‘ప్రావిన్షియల్ హైవే’ అన్న మాట పోయి ‘కింగ్స్ హైవే’ వచ్చింది, కిరీటం గుర్తున్న డాలు ఆకారపు బోర్డులు వచ్చాయి. ముందు బ్రాంప్టన్ దాకా, ఆ తరువాతి ఏళ్లలో తూర్పున ఒట్టావా దిశగా ఈ రోడ్డు పెరుగుతూ పోయి, గరిష్ఠ దశలో 716 కిలోమీటర్లకు చేరింది. 1990ల చివరలో ప్రావిన్స్ ప్రభుత్వం ఖర్చు తగ్గించుకునేందుకు వేల కిలోమీటర్ల హైవేలను స్థానిక పాలనా సంస్థలకు అప్పగించినప్పుడు హైవే 7 మధ్యభాగం కూడా విడతలుగా చేతులు మారింది. ఈ అప్పగింతను ఇక్కడి వాడుకలో ‘డౌన్‌లోడ్’ అంటారు. తెలుగు వ్యాసంలో ఆ మాట పెడితే పాఠకుడు ఫోన్ వైపు చూస్తాడు కనుక ‘బదిలీ’ అనడమే మేలు.

ఫలితంగా నేడు ప్రావిన్స్ ఆధీనంలో ఉన్న హైవే 7 ఒకే రోడ్డు కాదు, రెండు ముక్కలు. పడమటి ముక్క అంటారియోలోనే ఉన్న లండన్ నగరానికి ఉత్తరాన ఎల్గిన్‌ఫీల్డ్ దగ్గర హైవే 4 వద్ద మొదలై, కిచెనర్, గ్వెల్ఫ్‌ల మీదుగా బ్రాంప్టన్ వైపు వస్తుంది. తూర్పు ముక్క మార్కమ్‌లో డొనాల్డ్ కజన్స్ పార్క్‌వే దగ్గర మొదలై, ఒట్టావాకు పడమరన హైవే 417ను చేరుతుంది. మధ్యలో బ్రాంప్టన్‌లోని క్వీన్ స్ట్రీట్ తూర్పు భాగం పీల్ రీజియన్ (కొన్ని పట్టణాలను కలిపిన స్థానిక పాలనా సంస్థ) వారి 107వ నంబరు రోడ్డు. హైవే 50 దాటి వాన్, రిచ్‌మండ్ హిల్, మార్కమ్‌ల మీదుగా సాగేది యార్క్ రీజియన్ వారి 7వ నంబరు రోడ్డు. యార్క్ వారు అదే అంకెను ఉంచుకున్నారు, వీధి పేరుగా ‘హైవే 7’ను కూడా ఉంచుకున్నారు. మీ గందరగోళమంతా అక్కడే పుట్టింది.

ఇక పొడవు సంగతి. ప్రావిన్స్ లెక్క ప్రకారం హైవే 7 పొడవు దాదాపు 536 కిలోమీటర్లు. ఇది రెండు ముక్కల మొత్తం మాత్రమే, మధ్యలోని శివారు భాగం ఇందులో లేదు. పటం మీద ఎల్గిన్‌ఫీల్డ్ నుంచి ఒట్టావా పొలిమేర వరకు వేలు పెట్టి కొలిచిన వారికి సహజంగానే ఇంతకంటే పెద్ద సంఖ్య వస్తుంది. 716 అనేది సార్నియా దాకా ఉన్న పాత రోజుల సంఖ్య. మూడూ తమ తమ అర్థంలో సరైనవే. మన ఇంజినీర్లు చెయినేజీ (రోడ్డు వెంట కొలిచిన దూరం) రాసేటప్పుడు ముందుగా సున్నా ఎక్కడో చెబుతారు. మీరూ అలాగే ప్రతి సంఖ్య పక్కన అది ఏ సంవత్సరపు లెక్కో, ఎక్కడి నుంచి ఎక్కడికో రాయండి. సంవత్సరం లేని పొడవును వ్యాసంలో ఉంచకండి.

హద్దులను దేని ఆధారంగా నిర్ణయించాలన్నది తరువాతి ప్రశ్న. బోర్డులను నమ్మవద్దని నా సలహా. నేను మొదట్లో చేసిన తప్పే చెబుతాను. ఒక కూడలి దగ్గర కిరీటం గుర్తున్న పాత బోర్డు చూసి, ఫొటో తీసి, ప్రావిన్స్ హైవే ఇక్కడే మొదలవుతుందని నా పుస్తకంలో ఢంకా బజాయించి రాసుకున్నాను. అది ఎప్పుడో తీసివేయవలసిన బోర్డని, ఎవరూ పట్టించుకోక మిగిలిపోయిందని రెండేళ్ల తరువాత గాని తెలియలేదు. ఈలోగా నా వాక్యాన్ని ఇద్దరు ముగ్గురు తమ రాతల్లోకి ఎత్తుకున్నారు, దానిని సరిదిద్దించడానికి నాకు పట్టిన కాలం రాయడానికి పట్టిన కాలం కంటే ఎక్కువ. బోర్డు ఒక సాక్ష్యమే కానీ తీర్పు కాదు. హోదాను నిర్ణయించేది ప్రభుత్వ ఉత్తర్వు. దాని తరువాతి స్థానం రవాణా మంత్రిత్వ శాఖ ప్రచురించే ట్రాఫిక్ పరిమాణాల పట్టికలది; అందులో ప్రతి హైవేను ముక్కలుగా విడగొట్టి, ఏ కూడలి నుంచి ఏ కూడలికి ఎంత దూరమో, రోజుకు సగటున ఎన్ని వాహనాలో ఇస్తారు. ఒక సంవత్సరం పట్టికలో ఉన్న ముక్క ఆ తరువాతి పట్టికలో లేకపోతే ఆ రెండు పట్టికల మధ్య కాలంలో బదిలీ జరిగిందేమోనని అనుమానించి, అప్పుడు ఉత్తర్వు కోసం వెతకాలి. పాత అధికారిక రోడ్డు పటాలు కూడా పనికివస్తాయి, అయితే పటం మీది సంవత్సరం ముద్రణ సంవత్సరమని, లోపలి సమాచారం అంతకుముందు ఏడాదిది కావచ్చని గుర్తుంచుకోండి.

కూడళ్ల విషయానికి వస్తే, ముందుగా ఆ నేల ఎలా కొలవబడిందో అర్థం చేసుకుంటే సగం పని అయిపోతుంది. యార్క్ ప్రాంతాన్ని సర్వే చేసినప్పుడు యాంగ్ స్ట్రీట్‌ను ఆధారరేఖగా తీసుకుని, తూర్పుకు 100 గొలుసులకు ఒకటి చొప్పున నిలువు దారులు విడిచారు. ఇది 66 అడుగుల గంటర్ గొలుసు, మన రెవెన్యూ సర్వేయర్లు పొలాలు కొలిచినది కూడా ఇదే. టిప్పన్‌లో, అంటే పొలం కొలతల పటంలో, లింకులు (గొలుసులో నూరో వంతులు) చదివినవారికి దాని సంగతి కొత్తగా చెప్పనక్కరలేదు. 100 గొలుసులంటే సుమారు 2 కిలోమీటర్లు. దారికి విడిచిన వెడల్పు ఒక గొలుసు, అంటే సుమారు 20 మీటర్లు. అందువల్లనే యాంగ్ నుంచి తూర్పుకు వెళితే బేవ్యూ, లెస్లీ, వుడ్‌బైన్, వార్డెన్, కెనడీ, మెకావన్, మార్కమ్ రోడ్ అన్నీ రమారమి రెండేసి కిలోమీటర్ల ఎడంలో వస్తాయి. ఆ తరువాత వచ్చే నైన్త్ లైన్ పేరులో పాత వరుస సంఖ్య ఇంకా బతికే ఉంది. యాంగ్‌ను ఒకటిగా లెక్కపెట్టి చూడండి, సరిగ్గా తొమ్మిదవది అవుతుంది.

ఈ గొలుసు లెక్క రెండు విధాలుగా ఉపయోగపడుతుంది. మీ జాబితాలో దూరాలు సరిగ్గా ఉన్నాయా లేదా అన్నది ఒక్క చూపులో తెలుస్తుంది: యాంగ్ నుంచి నైన్త్ లైన్‌కు 16 కిలోమీటర్ల చుట్టుపక్కల రాకపోతే ఎక్కడో పొరపాటు జరిగినట్టే. రెండవది మరింత ముఖ్యం. గుర్రపు బండ్ల కాలంలో విడిచిన ఒక గొలుసు వెడల్పులో అటూ ఇటూ కార్ల వరుసలు, మధ్యలో బస్సు దారి, అంచున కాలిబాట, సైకిల్ దారి అన్నీ ఇమడవు. శివార్లలో విస్తరణ అంటే తారు పోయడం కంటే ముందు అంచుల్లో భూమి సేకరించడం. ఈ సంగతి హైదరాబాద్ చుట్టూ రోడ్డు విస్తరణలో ఇంటి ముందు భాగం పోగొట్టుకున్నవారికి విడమరచి చెప్పవలసిన పని లేదు.

జాబితాలో ప్రతి సిగ్నల్‌ను చేర్చకండి. షాపింగ్ ప్లాజాల ముందు సిగ్నళ్లు ఏడాదికొకటి పుట్టుకొస్తాయి, మీ జాబితా అచ్చయ్యేలోగానే పాతబడుతుంది. నంబరు ఉన్న రోడ్లు, ఒకప్పుడు ప్రావిన్స్ నంబరు ఉండి పోగొట్టుకున్న రోడ్లు, గొలుసు వరుసలోని పాత నిలువు దారులు, వంతెనలతో రోడ్లు వేర్వేరు మట్టాల్లో కలిసే ఇంటర్‌చేంజ్‌లు, ఈ నాలుగు రకాలు చాలు. రెండవ రకాన్ని చాలామంది వదిలేస్తారు, చరిత్ర ఉన్నది మాత్రం అక్కడే. యాంగ్ ఒకప్పుడు హైవే 11. మార్కమ్ రోడ్ ఒకప్పుడు హైవే 48; ఆ నంబరు ఇప్పుడు ఉత్తరాన మేజర్ మెకెంజీ డ్రైవ్ దగ్గర మొదలవుతుంది. పడమర వైపు హైవే 27, హైవే 50 కూడా ఇక్కడ పేరులోనే హైవేలు. 400ల నంబర్లున్న ఫ్రీవేలలో (సిగ్నళ్లు లేని వేగ రహదారులు) కొన్నింటికి చివరి రెండు అంకెలు తాము ఏ పాత హైవే భారాన్ని మోస్తున్నాయో చెబుతాయి: 27కు 427, 10కి 410, మన 7కు 407.

ఇంటర్‌చేంజ్‌లను రాసేటప్పుడు ఒక జాగ్రత్త. 400, 404, 427లతో హైవే 7 కలిసే చోట్లను అందరూ ఇంటర్‌చేంజ్‌లుగానే రాస్తారు. యాంగ్‌ను మాత్రం మామూలు నాలుగు రోడ్ల కూడలిగా రాసినవి చాలా చూశాను. అక్కడ రెండు రోడ్లూ ఒకే మట్టంలో కలవవు. హైవే 7 ఆ భాగంలో 407ను ఆనుకుని పోతుంది, యాంగ్‌కు చేరాలంటే పక్కనున్న అనుసంధాన రోడ్డెక్కి తిరగాలి. పటం మీద గీతలు ఒకదానినొకటి కోసినంత మాత్రాన కూడలి కాదు. వెళ్లి చూడవలసినవి ఇలాంటి చోట్లే.

407 లేకుండా శివార్లలో హైవే 7 కథ చెప్పలేము. దాని మొదటి భాగం 410 నుంచి 404 వరకు 1997 జూన్‌లో తెరుచుకుంది. అదే ఏడాది అక్టోబరులో టోల్ మొదలైంది. టోల్‌గేటు దగ్గర ఆగే పని లేకుండా అంతా ఎలక్ట్రానిక్ పద్ధతిలో వసూలు చేయడం దాని విశేషం. 1999లో ప్రభుత్వం దానిని 99 ఏళ్లకు ప్రైవేటు సంస్థకు లీజుకిచ్చింది. సమాంతరంగా వేగవంతమైన దారి వచ్చింది కనుక హైవే 7 ఇక ప్రావిన్స్ స్థాయి రహదారి కానక్కరలేదన్నది బదిలీ వెనుక ఉన్న తర్కం. కాగితం మీద అది సబబుగానే ఉంది. కానీ ఆ వేగవంతమైన దారి డబ్బు చెల్లించేవారిది. చెల్లించలేనివారు, చెల్లించడానికి ఇష్టపడనివారు హైవే 7 మీదనే మిగిలారు. ప్రావిన్స్ పటం నుంచి పోయిన తరువాత కూడా ఆ రోడ్డు మీద రద్దీ తగ్గకపోవడానికి ఇదొక కారణమని నా అభిప్రాయం. మీరు వ్యాసంలో రాసేటట్లయితే ఎవరి అభిప్రాయమో చెప్పి రాయండి, వాస్తవంగా రాయకండి.

అభివృద్ధి పనుల విభాగంలో క్రియాపదం మీదే వ్యాసం నాణ్యత ఆధారపడుతుంది. ప్రకటించారు, అనుమతి వచ్చింది, పని మొదలైంది, రాకపోకలకు తెరిచారు, ఈ నాలుగూ నాలుగు వేర్వేరు తేదీలు. ‘నిర్మించారు’ అన్న ఒక్క మాట వాటన్నింటినీ మింగేస్తుంది. ఇందుకు పాఠంలా పనికివచ్చేది ఇదే హైవే 7 పడమటి ముక్కలో ఉంది. కిచెనర్, గ్వెల్ఫ్‌ల మధ్య కొత్త దారిలో నాలుగు వరుసల హైవే 7 వేయాలన్న ఆలోచన దశాబ్దాల నాటిది. పర్యావరణ అనుమతి 2007లో వచ్చింది. రోడ్డు ఇంకా పూర్తి కాలేదు. 2007 నాటి వార్త చూసి ‘కొత్త హైవే వచ్చింది’ అని రాసినవారి వ్యాసాలు ఇప్పటికీ తప్పుగానే ఉన్నాయి. దీనికి ఎదురు ఉదాహరణ 427. అది ఎన్నో ఏళ్లు హైవే 7 దగ్గరే ఆగిపోయి, ఉత్తరానికి వెళ్లే వాహనాలన్నింటినీ ఆ కూడలిలోకి వదిలేది. 6.6 కిలోమీటర్ల పొడిగింపు మేజర్ మెకెంజీ డ్రైవ్ వరకు 2021 సెప్టెంబరులో తెరుచుకుంది. ఆ తేదీకి ముందు హైవే 7 ఒక ఫ్రీవేకు చివర, తరువాత దారిలో ఒక ఇంటర్‌చేంజ్. మీ జాబితాలో అదే వరుసకు రెండు కాలాల వివరణ ఉండాలి.

యార్క్ రీజియన్ భాగంలో అన్నింటికంటే పెద్ద మార్పు బస్సులది. రీజియన్ వారి వేగ బస్సు సర్వీసు వీవా బస్సులు 2005లో మామూలు ట్రాఫిక్‌లోనే నడవడం మొదలుపెట్టాయి. రోడ్డు మధ్యలో వాటికోసమే ఎర్రటి దారులు వేసి, 2013 ఆగస్టులో రిచ్‌మండ్ హిల్, మార్కమ్‌ల మధ్య హైవే 7 మీద మొదటి భాగం తెరిచారు. తరువాత వాన్ వైపు కూడా వేశారు. 2017 డిసెంబరు 17న టొరంటో సబ్‌వే వాన్ మెట్రోపాలిటన్ సెంటర్ దాకా వచ్చి హైవే 7ను తాకింది. బస్సు దారి వచ్చిన చోట కూడళ్ల స్వభావమే మారిపోయిందని తప్పక రాయండి: ఎడమవైపు తిరగడం (ఇక్కడ బండ్లు కుడివైపున నడుస్తాయి కనుక అది ఎదురు రోడ్డును దాటడం), యూ టర్న్ తీసుకోవడం సిగ్నళ్ల దగ్గర మాత్రమే సాధ్యం కనుక చిన్న వీధులు, దుకాణాల ప్రవేశాలు కుడివైపుకే పరిమితమయ్యాయి. అయితే బస్సు దారిని హైవే 7తో ఒకటిగా కలిపేయకండి. వాన్‌లో అది సెంటర్ స్ట్రీట్, బాథర్స్ట్ స్ట్రీట్ల మీదికి మళ్లుతుంది. మార్కమ్‌లో ఎంటర్‌ప్రైజ్ బులవార్డ్ వైపు తప్పుకుంటుంది.

తూర్పు ముక్క గురించి మీరు ఒక్క వాక్యంతో సరిపెట్టాలనుకుంటున్నట్టు మీ ప్రశ్నను బట్టి అనిపించింది, అలా చేయకండి. మార్కమ్ దాటగానే ఇళ్ల వరుసలు హఠాత్తుగా ఆగి పొలాలు మొదలవడం యాదృచ్ఛికం కాదు. 1972లో ఫెడరల్ ప్రభుత్వం పికరింగ్ విమానాశ్రయం కోసమని అక్కడ వేల ఎకరాలు సేకరించింది. విమానాశ్రయం రాలేదు, భూమి అమ్మకానికీ పోలేదు, సాగు కిందే ఉండిపోయింది. ఆ ప్రతిపాదనను పూర్తిగా విరమిస్తున్నట్టు 2025 జనవరిలో ప్రకటించారు. శివార్లు పెరిగిన చోట హైవే హోదా పోయిందని, పెరగని చోట నిలిచిందని ఈ ఒక్క సరిహద్దులో చూపించవచ్చు. ఇంకాస్త తూర్పున 407 మళ్లీ కథలోకి వస్తుంది. 2001లో అది పికరింగ్‌లోని బ్రాక్ రోడ్ దగ్గర హైవే 7 వద్ద ఆగింది. అక్కడి నుంచి తూర్పుకు ప్రభుత్వమే పొడిగించిన భాగం 2016లో ఓషవాకు, 2019 చివరలో హైవే 35/115కు చేరింది. ప్రభుత్వ భాగం మీద టోల్‌ను 2025 జూన్ 1 నుంచి ఎత్తివేశారు. పడమటి లీజు భాగంలో టోల్ అలాగే ఉంది. ‘407 మీద టోల్ తీసేశారు’ అని మొత్తానికి కలిపి రాస్తే మీ మాట నమ్మి బండి ఎక్కించిన పాఠకుడికి నెల తిరిగేసరికి బిల్లు వస్తుంది.

బ్రూక్లిన్ దగ్గర హైవే 7, హైవే 12తో కలిసి ఉత్తరానికి తిరిగి సండర్లాండ్ దాకా ఒకే తారు మీద రెండు నంబర్లతో సాగుతుంది. అక్కడ బోర్డు మీద ‘తూర్పు’ అనే ఉంటుంది, బండి మాత్రం ఉత్తరానికి పోతుంది. సండర్లాండ్ నుంచి తూర్పుకు అది ట్రాన్స్ కెనడా హైవేలో భాగం కూడా. ఇలాంటి ఉమ్మడి భాగాల పొడవును రెండు హైవేల లెక్కలోనూ వేశారో ఒక్కదానిలోనే వేశారో చూసుకోకపోతే మీ పట్టికలో కూడిక తప్పుతుంది.

పేర్ల విషయంలో అడిగినదానికి: వీధుల పేర్లను అనువదించకండి, ఉచ్చారణను బట్టి రాయండి. నైన్త్ లైన్‌ను ‘తొమ్మిదవ గీత’ చేస్తే అక్కడికి ఎవరూ చేరలేరు. శీర్షికగా ‘హైవే 7’ అనే ఉంచి, మొదటి పేరాలోనే మధ్యభాగం పీల్, యార్క్ రీజియన్ల రోడ్లని చెప్పండి. పట్టికను మూడు భాగాలుగా విడదీసి, ఒక్కో భాగానికి యజమాని పేరు, ఆ యాజమాన్యం మొదలైన తేదీ పెట్టండి. బదిలీ తేదీలు ముక్క ముక్కకూ వేరు కనుక ఉత్తర్వు దొరకనిచోట ఆ గడిని ఖాళీగా వదిలేయండి. క్షేత్రానికి వెళ్లాలనుకుంటే డొనాల్డ్ కజన్స్ పార్క్‌వే దగ్గర మొదలుపెట్టి ఆదివారం ఉదయం పడమరకు రండి. మార్కమ్ మెయిన్ స్ట్రీట్ దాటేవరకు బండి పక్కన ఆపుకోవడానికి అప్పుడే వీలవుతుంది.